కారా, మెట్రోనా: వనస్థలిపురం నుంచి నానక్‌రాంగూడ దాకా

హైదరాబాదు తూర్పు అంచున ఇల్లు, పడమటి అంచున ఉద్యోగం పెట్టుకుని బతుకుతున్నవాళ్లు ఈ నగరంలో చాలామంది ఉన్నారు. వనస్థలిపురం, హయత్‌నగర్, హస్తినాపురం, బి.ఎన్. రెడ్డి నగర్ వంటి కాలనీల్లో ఎప్పుడో స్థలం కొనుక్కుని, ఒక్కో గదీ వేసుకుంటూ ఇల్లు కట్టుకున్న కుటుంబాల్లో ఇప్పుడు రెండో తరం తెల్లవారగానే గచ్చిబౌలికో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కో బయలుదేరుతోంది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి కొత్త ఉద్యోగాలు పడమటి దిక్కుకే జరుగుతూ పోయాయి. ఇళ్లు మాత్రం పెద్దవాళ్లతో, పిల్లల బడులతో, తెలిసిన డాక్టరుతో, అప్పు అడిగినా ఇచ్చే కిరాణా కొట్టుతో సహా ఉన్నచోటే ఉండిపోయాయి. ఆఫీసు దగ్గరికి మారిపోవచ్చు కదా అని సలహా చెప్పడం తేలిక. సొంత ఇంటికి తాళం వేసి కొండాపూర్‌లో అద్దె కట్టడం అందరి జీతానికీ అందే పని కాదు, అందినా అందరి ఇంటి పరిస్థితికీ సరిపడదు.

నాదీ ఆ దారే. రానూపోనూ అరవై అయిదు కిలోమీటర్ల ప్రయాణం రోజూ చేసేవాళ్లు నలుగురు ఒకచోట కూర్చుంటే వచ్చే మొదటి ప్రశ్న, కారులో ఎంతసేపు, మెట్రోలో ఎంతసేపు అన్నది. కారులో గంటా పావు అని ఒకరంటారు. మెట్రోలో అటు ఆటో, ఇటు ఆటో కలుపుకుంటే గంటా నలభై నిమిషాలని ఇంకొకరంటారు. అక్కడితో తీర్పు అయిపోయినట్టే అందరూ లేచిపోతారు. ఈ లెక్క వేసే పద్ధతితోనే నాకు పేచీ. రోజూ చేయక తప్పని దూర ప్రయాణాన్ని మంచి రోజుతోనో, సగటు రోజుతోనో కొలిస్తే సరైన జవాబు రాదు. చెడ్డ రోజుతో కొలవాలి. పది గంటలకు ఆఫీసులో ఉండి తీరవలసిన మనిషి ఇల్లు వదిలే వేళను నిర్ణయించేది ఆ చెడ్డ రోజే కనుక.

కారు సంగతి ముందు చూద్దాం. మా వైపు నుంచి పడమటికి పోవడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి ఊరి లోపలి రింగ్ రోడ్డు: సాగర్ రింగ్ రోడ్డు, బైరామల్‌గూడ, ఒవైసీ కూడలి, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ దాటి, అత్తాపూర్ మీదుగా మెహదీపట్నం చేరి, అక్కడి నుంచి టోలిచౌకి, షేక్‌పేట. రెండోది అవుటర్ రింగ్ రోడ్డు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఎక్కి, బొంగులూరు, తుక్కుగూడ, శంషాబాద్, అప్పా కూడలి, నార్సింగి చుట్టూ తిరిగి నానక్‌రాంగూడలో దిగడం. 158 కిలోమీటర్ల ఆ వలయంలో దాదాపు మూడో వంతు మనమే చుట్టి వస్తాం. దూరం రెట్టింపుకు దగ్గరవుతుంది, పెట్రోలు ఎక్కువ అవుతుంది, టోల్ వేరే కట్టాలి. అయితే సిగ్నల్ అనేది ఉండదు. ఎండాకాలంలో ఉదయం ఏడింటికే బయలుదేరగలిగిన మనిషికి అవుటర్ మీద కారు ప్రయాణం నిజంగానే హాయిగా ఉంటుంది, ఆ మాట దాచను. తొమ్మిదింటికి బయలుదేరేవాడికి మాత్రం ఆ హాయి నానక్‌రాంగూడ దిగే వాలు దగ్గర అయిపోతుంది. అంతవరకు మిగుల్చుకున్న ఇరవై నిమిషాలూ ఆ టోల్ వరుసలోనూ, దాని తర్వాత వచ్చే మొదటి కూడలిలోనూ ఖర్చవుతాయి.

ఇదంతా వాన లేని రోజు మాట. జూన్ నుంచి అక్టోబరు దాకా సాయంత్రం నాలుగింటికి పడమటి ఆకాశం నల్లబడిందంటే ఆఫీసుల్లో ప్రతి కిటికీ దగ్గరా ఇద్దరేసి నిలబడి చూస్తుంటారు. గంట వాన చాలు. బయో డైవర్సిటీ కూడలి నుంచి షేక్‌పేట వైపు కార్లు అడుగు తీసి అడుగు వేస్తాయి, టోలిచౌకిలో మోకాటి లోతు నీళ్లు, ఊరి మధ్యగా పోదామనుకుంటే మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లు. క్లచ్ మీద ఎడమ కాలు తీయకుండా గంటన్నర కూర్చుంటే పిక్క నుంచి నడుము దాకా ఒకటే లాగుడు. ముందున్న కారు బ్రేకు దీపం అద్దం మీది వాన నీటిలో ఎర్రగా చెదిరి కనబడుతుంటే, కళ్లు దాని మీద నుంచి తిప్పడానికి ఉండదు. అలాంటి రోజుల్లో గంటా పావు దారి రెండున్నర గంటలు పడుతుంది. వాన ఒక్కటే కారణమూ కాదు. వినాయక నిమజ్జనం, బడులు తెరిచిన మొదటి వారం, ఫ్లైఓవరు మీద ఆగిపోయిన ఒక్క లారీ, పెద్దవాళ్ల కాన్వాయ్, వీటిలో ఏదో ఒకటి వారంలో ఒకసారైనా ఎదురవుతూనే ఉంటుంది.

కనుక కారులో వెళ్లే మనిషి గంటా పావు ముందు బయలుదేరడు, రెండు గంటల ముందు బయలుదేరతాడు. దారి ఖాళీగా ఉన్న రోజు ముప్పావు గంట ముందే చేరి పార్కింగులో కూర్చుంటాడు. ఆ ముప్పావు గంట కూడా ప్రయాణ ఖర్చే, అది కూడా ఇంటి నుంచి తీసుకున్నదే. సగటు లెక్కలో అది ఎక్కడా కనబడదు.

ఇక మెట్రో. అమీర్‌పేట నుంచి ఎల్.బి. నగర్ దాకా రైలు 2018 సెప్టెంబరులో మొదలైంది, అటువైపు అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా 2019 మార్చిలో వచ్చింది, అదే ఏడాది నవంబరులో రాయదుర్గం దాకా సాగింది. ఆ మూడో ముక్క కలిసిన రోజు నుంచే మా వైపు వాళ్లకు ఈ చర్చ చేసే అవకాశం దొరికింది. ఎల్.బి. నగర్‌లో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగడానికి గంట పడుతుంది, రైలు మారే వేళ కాస్త అటూ ఇటూ అయితే అయిదు పది నిమిషాలు ఎక్కువ. కింద మలక్‌పేటలో నీళ్లు నిలిచినా అదే గంట, ఖైరతాబాదులో గణపతి దర్శనానికి జనం పోటెత్తినా అదే గంట. సాంకేతిక లోపంతో రైళ్లు ఆగిపోయిన ఉదయాలు లేవని కాదు, ఉన్నాయి. కానీ అవి ఎప్పుడో ఒకసారి వార్తగా వచ్చేవి. రోడ్డు ఆగిపోవడం వార్త కూడా కాదు.

అమీర్‌పేటలో మారడం ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం చెప్పాలి. ఉదయం తొమ్మిది దాటాక ఎల్.బి. నగర్ నుంచి వచ్చే ఎర్ర లైను రైలు తలుపులు తెరుచుకోగానే దిగినవాళ్లలో ఎక్కువమంది ఒకే ఎస్కలేటరు వైపు తిరుగుతారు. రెండు లైన్లూ వేర్వేరు అంతస్తుల్లో ఉన్నాయి కనుక అందరూ ఆ ఇరుకులోంచే పోవాలి. వీపు సంచిని ముందుకు తిప్పుకుని, ఫోను జేబులో పెట్టుకుని, ముందువాళ్ల మడమ తొక్కకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లడం రోజూ వచ్చేవాళ్లందరికీ అలవాటైపోయింది. నీలం లైను ప్లాట్‌ఫారం మీద రాయదుర్గం వైపు గీతల వెనక వరుసలు అప్పటికే సిద్ధంగా ఉంటాయి. నాగోలు నుంచి నిండిపోయి వచ్చే రైలును కొందరు వదిలేస్తారు, అమీర్‌పేట నుంచే బయలుదేరే రైలు దొరికితే కాలు ఆనించుకోవడానికి చోటైనా ఉంటుందని. ఆ ఇరవై నిమిషాలు నిలబడే ప్రయాణం, అందులో సందేహం లేదు.

అయితే మా దారికి ఒక అదృష్టం ఉంది. ఎల్.బి. నగర్ ఎర్ర లైనుకు ఒక కొస, రాయదుర్గం నీలం లైనుకు ఒక కొస. ఉదయం ఎక్కేచోట రైలు ఖాళీగా వచ్చి నిలబడుతుంది, సాయంత్రం ఎక్కేచోట కూడా అంతే. రెండు పూటలా మొదటి ముక్కలో కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. ఉదయం విక్టోరియా మెమోరియల్ నుంచి పంజాగుట్ట దాకా ఉన్న ఆ అరగంట నాది. చదువుకోవచ్చు, కళ్లు మూసుకోవచ్చు, ఊళ్లో ఉన్న అక్కకు మెసేజి పెట్టవచ్చు, ఏమీ చేయకుండా గాంధీభవన్ దగ్గర పాత ఊరి కప్పుల మీదుగా చూస్తూ కూర్చోవచ్చు. స్టీరింగు పట్టుకున్న రెండు గంటల్లో ఇలాంటి నిమిషం ఒక్కటి కూడా ఉండదు. ఈ తేడా ఉదయం కంటే రాత్రి బాగా తెలుస్తుంది. కారులో వచ్చిన రోజు ఇంటికి చేరాక కొంతసేపు ఎవరు పలకరించినా విసుగ్గానే జవాబు వస్తుంది. పిల్లలు హోంవర్క్ పుస్తకం తెచ్చి పక్కన కూర్చునే సరికి ఏ స్థితిలో ఉన్నామన్నది నా దృష్టిలో పది నిమిషాల తేడా కంటే పెద్ద విషయం. దూర ప్రయాణం మీద వాదించేవాళ్లలో ఈ మాట ఎత్తేవాళ్లు తక్కువ. గడియారం చూపించే లెక్క చెప్పినంత సులభంగా దీన్ని చెప్పలేం కాబట్టి కావచ్చు.

డబ్బు సంగతికి వస్తే, కారుకూ మెట్రోకూ పోటీయే లేదు. హైదరాబాదులో లీటరు పెట్రోలు 2022 నుంచి 107 రూపాయలు దాటే ఉంటోంది. ట్రాఫిక్‌లో లీటరుకు పదమూడు కిలోమీటర్లు ఇచ్చే కారుకు మా దూరానికి రోజూ అయిదు లీటర్లు కావాలి. నెలకు ఇరవై రెండు పనిదినాలు వేసుకుంటే పెట్రోలే పదకొండు వేలు దాటుతుంది. వాయిదా, బీమా, టైర్లు, సర్వీసింగు వేరే. మెట్రో ఛార్జీలు మొదట్లో 10 నుంచి 60 రూపాయల మధ్య ఉండేవి, 2025 మే నెలలో పెరిగి, ఆ తర్వాత ఇచ్చిన పది శాతం తగ్గింపుతో 11 నుంచి 69 రూపాయల మధ్య నిలిచాయి. గరిష్ఠ ఛార్జీనే రెండు పూటలా కట్టి, రెండు వైపులా షేర్ ఆటోలకు మరో ఎనభై రూపాయలు పెట్టినా నెలకు అయిదు వేలకు లోపే.

కానీ ఈ నగరంలో మెట్రోకు అసలు పోటీ కారు కాదు, మోటారు సైకిలు. మెట్రో పక్షాన మాట్లాడేవాళ్లు ఈ సంగతిని చూసీచూడనట్టు వదిలేయడం నాకు నచ్చదు. లీటరుకు నలభై అయిదు కిలోమీటర్లు ఇచ్చే బండి మీద ఇదే దూరం నెలకు మూడున్నర వేలలోపు ఖర్చుతో వెళ్లి రావచ్చు. వెనక మరొకరు కూర్చుంటే తలకు అందులో సగమే. పాతిక వేల జీతగాడికి ఆ పదిహేను వందల తేడా పెద్దదే. మెట్రో మంచిదని అతనికి ఉపన్యాసం ఇవ్వడం తగదు. అతను డబ్బు మిగుల్చుకుంటున్నది తన ఒంటిని వానకు, పొగకు, లారీల పక్కన నడిపే ప్రమాదానికి ఒప్పజెప్పి. ఆ బేరం అతను చేసుకోవలసి రాకుండా ఛార్జీ ఉండాలన్నదే నా వాదన. ఆడవాళ్ల విషయంలో లెక్క ఇంకోలా ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు జీరో టికెట్ ఇస్తున్నారు. దాంతో మా వైపు నుంచి మాదాపూర్‌లో ఇళ్లలో పనికి, ఆఫీసుల్లో హౌస్ కీపింగుకు వెళ్లే స్త్రీలు రెండు గంటలు బస్సులో నిలబడి వెళ్తున్నారు. నెత్తి మీదుగా పోయే రైలు సగం సమయంలో తీసుకెళ్తుందని వాళ్లకు తెలుసు. రోజుకు నూట ముప్పై ఎనిమిది రూపాయలు వాళ్ల కూలిలో ఎంత భాగమో కూడా తెలుసు. బస్సుకూ మెట్రోకూ ఉమ్మడి నెల పాసు, అదీ తక్కువ ఆదాయంవాళ్లకు అందే ధరలో, వచ్చేదాకా ఈ నగరంలో వేగం అనేది డబ్బున్నవాళ్లకు దొరికే వస్తువుగానే ఉంటుంది.

మెట్రో మధ్యలో గట్టిది, కొసల్లో బలహీనం. మా ఇంటి నుంచి ఎల్.బి. నగర్ స్టేషనుకు నాలుగయిదు కిలోమీటర్లు. విజయవాడ హైవే మీద ఊళ్ల నుంచి వచ్చే బస్సులు, లారీలు, షేర్ ఆటోలు అన్నీ అక్కడే గుమిగూడతాయి. స్కూటరు మీద వెళ్లి స్టేషను దగ్గర పెట్టుకుందామంటే చోటు దొరకాలి, దొరికితే రుసుము కట్టాలి. 2024లో నాగోలు, మియాపూరు స్టేషన్లలో పార్కింగుకు డబ్బు తీసుకోబోతే ప్రయాణికులు రోడ్డెక్కారు. కొందరికి అది చిన్న విషయంగా తోచింది. నాకలా అనిపించలేదు. రైలు ఎక్కాలా, అదే బండి మీద నేరుగా ఆఫీసుకు పోవాలా అని ఊగిసలాడే మనిషికి ఆ రుసుము చిన్న విషయం కాదు.

రాయదుర్గం కొస ఇంకా బలహీనం. అక్కడ దిగాక నానక్‌రాంగూడ, విప్రో కూడలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అయిదారు కిలోమీటర్ల పైనే. మెట్లు దిగగానే షేర్ ఆటోలవాళ్లు పేర్లు పిలుస్తుంటారు, ముగ్గురు పట్టే దాంట్లో అయిదుగురు కూర్చుంటేగాని కదలదు. వర్షం రోజు ముప్పై రూపాయల సీటు ఎనభై అవుతుంది. యాప్‌లో బుక్ చేసిన క్యాబ్ ఒప్పుకుని, ఎక్కడికని అడిగి, రద్దు చేస్తుంది. ఇరవై ఆరు కిలోమీటర్లు గంటలో వచ్చిన మనిషి మిగిలిన ఆరు కిలోమీటర్లకు ముప్పావు గంట వెచ్చిస్తాడు. చెడ్డ రోజుతో కొలవాలని ఇంతసేపు చెప్పిన నేను ఈ ముక్కను కూడా అదే కొలతతో కొలవాలి. అలా కొలిచినా మా దారిలో మెట్రోనే నెగ్గుతుందని నా నిర్ణయం. కానీ నెగ్గవలసినంత తేడాతో నెగ్గడం లేదు. కారు వదలనివాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రానిది అందుకే.

వదలలేనివాళ్లు కూడా ఉన్నారు. రాత్రి రెండింటికి షిఫ్టు ముగిసేవాళ్లకు రైలు ఉండదు. చివరి రైలు రాత్రి పదకొండు ప్రాంతంలోనే బయలుదేరిపోతుంది. నాతో పనిచేసే ఒకావిడ వారంలో మూడు ఉదయాలు వాళ్ల నాన్నగారిని డయాలిసిస్ కేంద్రంలో దింపి ఆఫీసుకు రావాలి, మళ్లీ ఫోను వస్తే వెనక్కి పరుగెత్తాలి. ఆవిడకు కారు సౌకర్యం కాదు, అవసరం. నెలలు నిండేదాకా అమీర్‌పేట ఎస్కలేటరు ఎక్కి దిగమని ఏ గర్భిణికీ చెప్పలేం. ఇలాంటివాళ్లకు రోడ్డు ఖాళీగా దొరకాలంటే, వేరే దారి ఉన్న మాలాంటివాళ్లం రోడ్డు దిగాలి.

ఫ్లైఓవర్లతో ఆ ఖాళీ వస్తుందని చాలామంది నమ్మకం. పడమటి వైపు ఈ కొద్ది ఏళ్లలో కట్టినన్ని మన కళ్ల ముందే ఉన్నాయి: 2019లో బయో డైవర్సిటీ ఫ్లైఓవరు, 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు తీగల వంతెన, 2022లో శిల్పా లేఅవుట్ ఫ్లైఓవరు. కట్టిన చోట మంచే జరిగింది, కొన్ని నెలలు. ఆ తర్వాత రద్దీ వంతెన దిగేచోటికి జరిగింది. దారి బాగుందని తెలిశాక అంతకుముందు రైల్లో, బస్సులో వచ్చేవాళ్లు కూడా కార్లు తీశారు. అంత ఖర్చు పెట్టిన రోడ్డు మీద ఒక్కో కారులో ఒక్కో మనిషి. అదే మెట్రో స్టేషన్లు ఆరు బోగీల రైలుకు సరిపడా కట్టి ఉన్నాయి, వాటిలో నడుస్తున్నవి ఇప్పటికీ మూడు బోగీల రైళ్లు. కొత్త స్తంభం ఒక్కటి కూడా పాతకుండా పెంచుకోగల చోటు అది. ముందు డబ్బు పెట్టవలసింది అక్కడ.

రాయదుర్గం నుంచి కోకాపేట నియోపొలిస్ దాకా 11.6 కిలోమీటర్లు, ఎల్.బి. నగర్ నుంచి హయత్‌నగర్ దాకా 7.1 కిలోమీటర్లు మెట్రోను పొడిగించే ప్రతిపాదనలు రెండో దశలో ఉన్నాయి. అయిదు మార్గాలు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల అంచనాతో రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఆమోదించి కేంద్రానికి పంపినది ఈ దశనే. మా ప్రయాణంలోని రెండు కొసలనూ అవి అచ్చంగా పూరిస్తాయి. కానీ ఈరోజు పని మొదలైనా రైలు ఎక్కేసరికి మా పిల్లలు కాలేజీకి వస్తారు. అందాకా కావలసింది బస్సులు. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిదిన్నర దాకా, రాయదుర్గం స్టేషను మెట్ల కిందే ఆగి, రైలు వచ్చే వేళను బట్టి అయిదు నిమిషాలకొకటి బయలుదేరే బస్సులు, మెట్రో కార్డు చూపిస్తే ఎక్కనిచ్చేవి. కార్లకు మూడేసి అంతస్తుల పార్కింగు కట్టించిన కంపెనీలు దీనికి తమ వాటా భరించడం న్యాయం.

మా భవనంలోనే నాలుగు కంపెనీలు నాలుగు షటిళ్లు నడుపుతున్నాయి. నాలుగూ ఒకే వేళకు సగం ఖాళీగా స్టేషనుకు వెళ్తాయి, ఆ తర్వాత నలభై నిమిషాలు ఒక్కటీ ఉండదు. వాటిని కలిపి పది నిమిషాలకొకటి నడపమని అన్ని కంపెనీల ఉద్యోగులం కలిసి సంతకాలు చేసి భవనం నిర్వాహకులకు ఇచ్చాం. ఉదయం పూట కలపడానికి ఒప్పుకున్నారు. సాయంత్రం ఏడున్నర దాటాక కూడా నడపాలన్న దాని మీద ఇంకా మాటలు నడుస్తున్నాయి. ఆలస్యంగా ఇళ్లకు బయలుదేరే ఆడవాళ్లకు ఎక్కువ అవసరమైనది ఆ బస్సే కనుక, ఆ ఒక్క షరతు వదులుకునేది లేదని చెప్పాం.